అణువును తూచే చేతులు

(ఆచార్య టి.ఆర్. శేషాద్రి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)

ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో ఫ్రిట్జ్ ప్రేగల్ అనే వైద్యుడు రసాయన పరిశోధన చేస్తుండేవాడు. 1910 ప్రాంతంలో పైత్యరసంలోని ఆమ్లాల మీద పనిచేస్తుంటే ఆయనకు ఒక కొత్త పదార్థం దొరికింది. దొరికింది గానీ చిటికెడు కూడా లేదు. అందులో కార్బన్ ఎంత, హైడ్రోజన్ ఎంత అని తేల్చాలంటే ఆ రోజుల్లో వందల మిల్లీగ్రాముల పదార్థాన్ని కాల్చి చూడాలి. అంత పోగు చేయాలంటే టన్నుల కొద్దీ పైత్యరసం కావాలి. లేదంటే ఉన్న కాస్తలోనే లెక్క తేల్చే పద్ధతి వెతకాలి. ప్రేగల్ రెండో దారి పట్టాడు. హాంబర్గ్‌లో త్రాసులు తయారుచేసే కూల్మన్ పనితనాన్ని ఆసరా చేసుకుని, మిల్లీగ్రాములో వెయ్యో వంతు తేడాను పట్టే త్రాసు సంపాదించాడు. దహన గొట్టాలను సన్నం చేశాడు. చివరికి మూడు నాలుగు మిల్లీగ్రాములతో విశ్లేషణ పూర్తయ్యే స్థితికి తెచ్చాడు. 1923లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది ఈ పనికే.

ఆ తర్వాత దేశదేశాల రసాయన శాస్త్రవేత్తలు గ్రాజ్ బాట పట్టారు. వారిలో తిరుచిరాపల్లి దగ్గర కుళిత్తలైలో 1900లో పుట్టిన శేషాద్రి గారు ఒకరు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర 1929లో డాక్టరేట్ పూర్తి చేసిన ఆయన, స్వదేశానికి రాకముందు కొంతకాలం ప్రేగల్ ప్రయోగశాలలో గడిపారు. కూల్మన్ త్రాసును డబ్బు కట్టి ఎక్కడికైనా తెప్పించుకోవచ్చు. ప్రేగల్ పద్ధతి 1917 నుంచి పుస్తకంగానే దొరుకుతోంది. అయినా అంత దూరం వెళ్ళవలసి వచ్చిందంటే కారణం ఉంది. ఆ త్రాసు ముందు ఎలా కూర్చోవాలి, గొట్టాన్ని ఎప్పుడు వేడి చేయాలి, ఏ తూకాన్ని నమ్మాలి, దేన్ని కొట్టిపారేయాలి అన్నవి పక్కన నిలబడి చూసి, చేతితో చేసి నేర్చుకోవలసిన సంగతులు.

ఈ స్మారకోపన్యాసం మాట్లాడేది మాస్ స్పెక్ట్రోమీటర్ గురించి. విశ్వవిద్యాలయ రసాయన శాఖలు కొనాలని తపించే, కొని కూడా చాలాచోట్ల వాడుకోలేకపోతున్న యంత్రం అది. గ్రాజ్ ప్రయాణాన్ని ముందు చెప్పుకోవడానికి కారణం ఉంది. యంత్రం కోసం కోట్లు అడిగే ప్రతి ప్రతిపాదనలోనూ అదే ప్రశ్న దాగి ఉంటుంది: దాని ముందు కూర్చునేది ఎవరు?

పత్తి పూలు, గోగు పూలు

శేషాద్రి గారు 1930ల తొలి సంవత్సరాల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి రసాయన శాఖను నిలబెట్టారు. వాల్తేరు కొండ మీద సైన్స్ కళాశాల అప్పుడప్పుడే లేస్తోంది. దానికి దన్నుగా నిలిచింది జయపురం మహారాజా విక్రమదేవ వర్మ దాతృత్వం. ఏటా లక్ష రూపాయల విరాళంతో నడిచిన ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. లక్ష రూపాయలు అప్పట్లో పెద్ద మొత్తమే. అంతకంటె ముఖ్యమైనది ‘ఏటా’ అన్న మాట. ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునే సొమ్ము కాదది. జీతాలకు, గాజు సామానుకు, రసాయనాలకు వచ్చే సంవత్సరం కూడా డబ్బుంటుందన్న భరోసా అది.

ఆ శాఖ పరిశోధనకు ఎంచుకున్నవి చుట్టూ ఉన్న మొక్కలే. పత్తి పూలలోని పసుపు రంగు దేనివల్ల వస్తుంది? గోగు జాతి పూల రేకుల్లో ఏముంది? ఆ పత్రాలు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో వరుసగా వచ్చాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలింది. గాజు సామాను గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దుకోవలసిన ఆ కాలంలో కూడా శేషాద్రి బృందం పత్రాలు ఆగలేదు.

పూల రంగుల్లో రెండు ముఖ్యమైన పదార్థాలున్నాయి. క్వెర్సెటిన్‌లో 15 కార్బన్లు, 10 హైడ్రోజన్లు, 7 ఆక్సిజన్లు. గాసిపెటిన్‌లో ఆక్సిజన్ ఒకటి ఎక్కువ. కాల్చి చూస్తే మొదటిదాని బరువులో 59.6 శాతం కార్బన్, రెండోదానిలో 56.6 శాతం. ఆ మూడు శాతం తేడాను నిలబెట్టి చెప్పడానికి గ్రాజ్‌లో నేర్చిన చెయ్యి కావాలి. ఇక మొత్తం అణువు ఆకారం తేలాలంటే దాన్ని క్షారంతో విరగ్గొట్టి, ముక్కలను వేరుచేసి, తెలిసిన పదార్థాలతో పోల్చి, ఆఖరున ప్రయోగశాలలో మళ్ళీ నిర్మించి చూపాలి. ఒక్కో పువ్వుకు నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పట్టేవి.

దశాంశాల్లో దాగిన లెక్క

మాస్ స్పెక్ట్రోమీటర్ ఈ నెలలను నిమిషాలకు కుదించింది. అణువుకు విద్యుదావేశం ఇచ్చి, శూన్యంలో పరుగెత్తించి, అయస్కాంత లేదా విద్యుత్ క్షేత్రంలో అది ఎలా వంగిందో, ఎంతసేపట్లో చేరిందో, ఎంత వేగంగా ఊగిందో కొలిచి, దాని బరువు చెబుతుంది. త్రాసుకు కావలసినది మిల్లీగ్రాము. దీనికి అందులో లక్షో వంతు కూడా చాలాసార్లు ఎక్కువే.

బరువు చెప్పడంలో ఏముంది అనుకోవచ్చు. నత్రజని వాయువు, కార్బన్ మోనాక్సైడ్, ఇథిలీన్ ఈ మూడింటి బరువూ 28 అని పాఠ్యపుస్తకం చెబుతుంది. కచ్చితంగా తూస్తే నత్రజని 28.0061, కార్బన్ మోనాక్సైడ్ 27.9949, ఇథిలీన్ 28.0313. కార్బన్‌ను 12 అని ముందే స్థిరపరచుకుంటే, మిగిలిన ప్రతి మూలకం బరువూ పూర్ణసంఖ్యకు కాస్త అటో ఇటో జరిగి ఉంటుంది. అందుకే దశాంశ బిందువు తర్వాతి అంకెలు చూసి అణువులో ఏయే మూలకాలు ఎన్నెన్ని ఉన్నాయో చెప్పవచ్చు. కొత్త పదార్థాన్ని ప్రకటించే పత్రాలకు ఇప్పుడు రసాయన పత్రికలు అడిగేది ఈ కచ్చితమైన బరువునే. తేడా సాధారణంగా పది లక్షల్లో 5 వంతులు దాటకూడదు. క్వెర్సెటిన్‌కు ఒక ప్రోటాన్ తగిలితే వచ్చే అయాన్ బరువు 303.0499. దానిలో ఆ తేడా 0.0015 మాత్రమే. ప్రేగల్ దహన విశ్లేషణ చేసిన పనిలో పెద్ద భాగాన్ని ఈ నాలుగు దశాంశాలు చేసిపెడతాయి.

అంతటితో అంతా తెలిసిపోయిందని కాదు. పత్తి పూలలోనే హెర్బసెటిన్ అనే మరో పదార్థం ఉంది. దాని ఫార్ములా అచ్చంగా క్వెర్సెటిన్‌దే, హైడ్రాక్సిల్ గుంపు ఒకటి మాత్రం వేరే వలయంలో ఉంటుంది. ఎంత గొప్ప యంత్రమైనా రెండింటికీ 303.0499 అనే చెబుతుంది. అప్పుడు ఆ అయాన్‌ను వాయు అణువులతో ఢీకొట్టించి పగలగొట్టాలి. క్వెర్సెటిన్ నుంచి 153 దగ్గర ఒక ముక్క వస్తుంది. హెర్బసెటిన్‌లో లాగా ఆ ముక్క వచ్చే వలయంలో ఇంకో ఆక్సిజన్ ఉంటే అది 169 దగ్గరికి జరుగుతుంది. శేషాద్రి కాలంలో క్షారంతో విరగ్గొట్టి చూసినదాన్నే ఇక్కడ శూన్యంలో, రెప్పపాటులో విరగ్గొట్టి చూస్తున్నారు. ఏ ముక్క ఏ వలయం నుంచి వచ్చిందో చదవడానికి మాత్రం పాత రసాయన జ్ఞానమే కావాలి.

ఎవరెట్ చేతులు, తనకా చేతులు

ఈ యంత్రం చరిత్ర కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ప్రయోగశాలలో మొదలవుతుంది. జె.జె. థామ్సన్ 1912-13లో నియాన్ వాయువును పరీక్షిస్తే 20 దగ్గర ఒక చార, 22 దగ్గర మరొక చార కనిపించాయి. ఒకే మూలకానికి రెండు బరువులున్నాయన్నమాట. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో మెరుగైన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ కట్టి, అనేక మూలకాల ఐసోటోపులను వెతికి తీసి, 1922లో రసాయన నోబెల్ అందుకున్నాడు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. థామ్సన్ చేతి నేర్పు అంతంత మాత్రమని, సున్నితమైన గాజు పరికరాలను ఆయన ముట్టుకోకుండా చూసేవారని తోటివారే రాశారు. ఆ పరికరాలను ఊది, అతికి, గాలి చొరబడకుండా నిలబెట్టినవాడు ఎబెనీజర్ ఎవరెట్ అనే సహాయకుడు. ఆయన లేకుండా థామ్సన్ నాళాల్లో శూన్యం నిలిచేది కాదు.

2002 నోబెల్ కథ కూడా ఇలాంటిదే. ప్రొటీన్ల వంటి భారీ అణువులను చెదరగొట్టకుండా ఆవేశపరచి గాలిలోకి లేపడం ఎలా అన్నది అప్పటి పెద్ద చిక్కు. యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ ఫెన్, ద్రావణాన్ని సన్నటి సూది మొన నుంచి అధిక వోల్టేజి కింద తుంపరగా చిమ్మే ఎలక్ట్రోస్ప్రే పద్ధతితో దాన్ని విప్పాడు. తన నోబెల్ ఉపన్యాసంలో దాన్ని అణువుల లోకపు ఏనుగులకు రెక్కలు తొడగడంగా వర్ణించాడు. అదే ఏడాది బహుమతి పంచుకున్న కోయిచి తనకా ఆచార్యుడు కాడు, డాక్టరేట్ కూడా లేదు. క్యోటోలోని షిమాద్జు కంపెనీలో ఇంజినీరు. 1985లో ఒకరోజు సన్నని కోబాల్ట్ పొడిలో పొరపాటున గ్లిజరిన్ కలిపేశాడు. ఖరీదైన పొడి పారబోయడం ఇష్టంలేక, దాన్నే లేజర్ కింద పెట్టి ఆరేదాకా చూస్తూ కూర్చున్నాడు. అంతవరకు ఎవరూ చూడని పీక్ తెర మీద లేచింది. యంత్రం పక్కన రోజుల తరబడి ఉండే మనిషికి మాత్రమే తటస్థపడే సంగతి అది.

లక్నోకు వెళ్ళిన చిన్న సీసా

1990లలో మన విశ్వవిద్యాలయాల నుంచి వచ్చిన కర్బన రసాయన పత్రాలు తిరగేస్తే ప్రయోగ వివరాల్లో ఒక వాక్యం పదేపదే ఎదురవుతుంది: మాస్ స్పెక్ట్రాలు జియోల్ ఎస్‌ఎక్స్ 102 మీద తీశారని. కృతజ్ఞతల్లో లక్నో సెంట్రల్ డ్రగ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ పేరు. మైకేల్ బార్బర్ 1981లో మాంచెస్టర్‌లో ప్రవేశపెట్టిన ఫాస్ట్ ఆటమ్ బంబార్డ్‌మెంట్ పద్ధతిలో అక్కడ నడిచిన యంత్రం అది. శాంపిల్‌ను నైట్రోబెంజైల్ ఆల్కహాల్ చుక్కలో కలిపి, దాని మీదికి ఆర్గాన్ లేదా జినాన్ పరమాణువులను దూసుకుపోయేలా వదిలేవారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 1970లలో దేశంలో కొన్నిచోట్ల ప్రాంతీయ పరికర కేంద్రాలను పెట్టింది. ఇప్పుడు వాటిని సైఫ్ కేంద్రాలంటున్నారు. లక్నోలోది వాటిలో ఒకటి.

వాల్తేరులోనో, వరంగల్‌లోనో, అనంతపురంలోనో పిహెచ్‌డీ చేస్తున్న విద్యార్థి మూడు మిల్లీగ్రాముల పదార్థాన్ని సీసాలో వేసి, దూది చుట్టి, ఫారం నింపి, డీడీ జతచేసి పోస్టులో పంపేవాడు. కవరు తిరిగి వచ్చేవరకు పత్రం ఆగేది. వచ్చిన కాగితం మీద పీక్ అనుకున్నచోట లేకపోతే మళ్ళీ మొదటి నుంచి. ఆ కాలాన్ని తలచుకుని విచారించేవారు ఉన్నారు. కానీ అందులో ఒక మేలు ఉంది. ఊరూ పేరూ లేని కళాశాల విద్యార్థి శాంపిల్‌నూ, పెద్ద ఆచార్యుడి శాంపిల్‌నూ లక్నోలో ఒకే ఆపరేటర్ ఒకే శ్రద్ధతో పెట్టేవాడు. ఆ ఆపరేటర్ చేతిలోంచి వేల పదార్థాలు వెళ్ళాయి. మన దగ్గర హైదరాబాద్‌లో 1944లో సెంట్రల్ లేబొరేటరీస్‌గా పుట్టి, 1989లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీగా పేరు మార్చుకున్న సంస్థ కూడా ఇలాంటి ఆసరాయే ఇచ్చింది. అక్కడి జాతీయ మాస్ స్పెక్ట్రోమెట్రీ కేంద్రం ఈ విద్యలో మనుషులను తయారుచేసిన చోటు.

ఫైలు కదిలే తీరు

శాస్త్ర మౌలిక వసతులకు నిధులిచ్చే ఫిస్ట్ పథకం 2000లో వచ్చాక విశ్వవిద్యాలయ శాఖలు సొంత యంత్రాల కోసం దరఖాస్తు చేయడం మొదలుపెట్టాయి. మంచి మార్పే. అయితే ఒక హై రిజల్యూషన్ యంత్రం కొనడం ఎలా జరుగుతుందో ఫైలు నడిపినవారికే తెలుస్తుంది. ముందు స్పెసిఫికేషన్లు రాయాలి. రిజల్యూషన్ ఎంత, తూకంలో తేడా ఎంత, ఏ రకం అయాన్ సోర్సు. ఇక్కడ ఒక్క అంకె అటూ ఇటూ అయితే ఒక కంపెనీ తప్పుకుంటుంది, లేదా ఒకే కంపెనీ మిగులుతుంది. టెక్నికల్ బిడ్, ఫైనాన్షియల్ బిడ్, ప్రీబిడ్ సమావేశం, అన్నీ అయ్యాక ఎల్-1, అంటే అందరికంటె తక్కువ ధర ఎవరిదన్న లెక్క. కస్టమ్స్ పత్రాలు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా యుటిలైజేషన్ సర్టిఫికెట్.

పన్ను కూడా ఈ కథలో పాత్రధారే. పరిశోధన సంస్థలు కొనే శాస్త్ర పరికరాలపై ఉన్న 5 శాతం జీఎస్టీ రాయితీ 2022 జూలై 18న పోయి 18 శాతమైంది. నాలుగు కోట్ల యంత్రం అనుకుంటే 20 లక్షల పన్ను 72 లక్షలైంది. మంజూరైన సొమ్ము పెరగలేదు. ఆ లోటు పూడ్చడానికి ముందు కోత పడేది మూడేళ్ళ మెయింటెనెన్స్‌కూ, శిక్షణకూ. 2025 జూన్‌లో కేంద్రం పరిశోధన సంస్థల కొనుగోలు నిబంధనలు సడలించింది. 200 కోట్ల దాకా గ్లోబల్ టెండర్లకు డైరెక్టర్లు, వైస్ ఛాన్సలర్లే అనుమతి ఇచ్చే వీలు కలిగింది. పరికరం త్వరగా చేరడానికి ఇది ఎంతో ఉపకారం. చేరాక ఏమవుతుందన్నది వేరే ఫైలు. ఆ ఫైలును చాలాచోట్ల ఎవరూ తెరవరు.

ఏ నిబంధనా చెప్పని విషయాలు గదిలో ఎదురవుతాయి. ఏసీ రాత్రింబవళ్ళు ఆడాలి. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఎలక్ట్రానిక్స్ బోర్డు పోతుంది, దాని ఖరీదు లక్షల్లో. నత్రజని జనరేటర్ ఆగకూడదు. లోపల నిమిషానికి పదుల వేల సార్లు తిరిగే టర్బో పంపు, దానికి దన్నుగా బయట ధనధనలాడే రోటరీ పంపు. ఆ పంపుకు పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి కనిపించే నూనె తేనె రంగులో ఉన్నంతకాలం దిగులు లేదు. డికాషన్ రంగుకు తిరిగితే వెంటనే మార్చాలి. కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే శూన్యం పోతుంది. మళ్ళీ పూర్తిగా కుదురుకోవడానికి ఒక రాత్రి పడుతుంది. ఆ గాజు కిటికీలోకి రోజూ ఒకసారి తొంగిచూడటం ఎవరి ఉద్యోగం?

జవాబు చాలాచోట్ల ఒకటే: ఎవరిదీ కాదు. ప్రాజెక్టు నడిచినంతకాలం ఒక పరిశోధక విద్యార్థి నడుపుతాడు. యంత్రం కిటుకులన్నీ అతనికే తెలుసు. థీసిస్ అయ్యాక అతను ఏ మందుల కంపెనీకో, విదేశానికో వెళ్ళిపోతాడు. తర్వాత వచ్చినవాడు మాన్యువల్‌తో మొదలుపెడతాడు. వారంటీ ముగుస్తుంది. ఏటా యంత్రం ధరలో పదో వంతుకు చేరువయ్యే ఏఎమ్‌సీకి, అంటే వార్షిక మెయింటెనెన్స్ ఒప్పందానికి, పద్దు ఉండదు. ఒక పంపు పాడవుతుంది. గదికి తాళం పడుతుంది. ఆ తాళం వెనక నిద్రపోతున్నది ప్రజల డబ్బు. దాని బయట నిలబడ్డ విద్యార్థి మళ్ళీ పాత పద్ధతిలోనే సీసాకు దూది చుడుతున్నాడు. ఈ స్థితిని చూసి ఊరుకోవడం శేషాద్రి గారి పేరు తలచుకునే సభకు తగదు.

కాబట్టి అడగవలసింది స్పష్టంగా అడగాలి. యంత్రం ప్రతిపాదనలోనే ఒక శాశ్వత ఆపరేటర్ పోస్టు ఉండాలి. బోధన పోస్టుతో సమానమైన జీతం, పదోన్నతి, పత్రాల్లో పేరు ఉండాలి. లేబొరేటరీ అసిస్టెంట్ అన్న పాత కొలువులో కుదించితే సమర్థులు రారు, వచ్చినా నిలవరు. ఆ మనిషిని యంత్రం దిగకముందే హైదరాబాద్‌కో, లక్నోకో, కంపెనీ శిక్షణ కేంద్రానికో ఆరు నెలలు పంపాలి. ఐదేళ్ళ మెయింటెనెన్స్ సొమ్మును కొనుగోలు ధరలో భాగంగానే లెక్కించాలి. రెండు జిల్లాల్లో రెండు నాసిరకం యంత్రాల కంటె ఒక్కచోట మంచిది ఒకటి పెట్టి, మిగిలినవారికి వారంలో కొన్ని రోజులు కేటాయించాలి. 2020లో మొదలైన ఐ-స్టెమ్ పోర్టల్‌లో దేశంలో ఎక్కడి పరికరాన్నయినా వెతికి సమయం కోరే వీలుంది. అందులో పేరు నమోదు చేయడం ఒక ఎత్తు, కోరినవారికి నిజంగా సమయం ఇవ్వగల మనిషి అక్కడ ఉండటం ఒక ఎత్తు.

అలాంటి మనిషి ఉన్న గదిలో ఒక ఉదయం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. జిల్లా కళాశాల నుంచి ఒక అమ్మాయి తెల్లవారుజాము బస్సెక్కి, గోగు పూల రేకుల సారం ఉన్న చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని వస్తుంది. ఆపరేటర్ ముందు పంపు నూనె చూసి, కాలిబ్రేషన్ సరిచూసి, ఆమె శాంపిల్ ఎక్కిస్తాడు. తెర మీద అన్నిటికంటె ఎత్తుగా 391.284 దగ్గర ఒక పీక్ లేస్తుంది. అమ్మాయి కళ్ళు మెరుస్తాయి. “సార్, కొత్త పదార్థమా?” అంటుంది.

“కాదమ్మా, ఇది పువ్వులోది కాదు, నీ గొట్టంలోది. ప్లాస్టిక్ మెత్తబడటానికి కలిపే థాలేటు. నాకు రోజూ కనబడే చుట్టమే” అని, తెరను పెద్దది చేసి 303.05 దగ్గర బుల్లి పీక్ చూపిస్తాడు. “నీది ఇది. దీన్ని పగలగొట్టి చూద్దాం, 153 వస్తుందో, 169 వస్తుందో. ముందు వెళ్ళి గాజు సీసాలో, కొత్త మెథనాల్‌తో మళ్ళీ చేసుకురా. గురువారం పదిన్నరకు నీ పేరు రాస్తున్నాను.”

రిజిస్టరులో గురువారం పేజీ తిప్పి, ఆమె పేరు, కళాశాల పేరు, పక్కన ‘గోగు’ అని రాసి, తర్వాతి సీసా అందుకుంటాడు.